వకుళ గురువుగారికి చెప్పిన మాట

అనగనగా, మన తాతలకు తాతలు పలక పట్టుకుని బడికి వెళ్ళే కాలంలో, కుసుమవరం అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో పిల్లలకు అక్షరాలతో పాటు ఒక వాద్యం కూడా నేర్పేవారు. కొందరు వేణువు పట్టేవారు, కొందరు మృదంగం, కొందరు వీణ.

అక్కడి బడిలో సంగీతం చెప్పే గురువు పేరు భావనయ్య. ఆయన చెవి గొప్ప చెవి. గోడ అవతల కూర్చుని కూడా, "ఎవరమ్మా అది? పంచమం తీగ దిగింది, బిగించుకో" అనేవారు. తప్పును పోనిచ్చేవారు కాదు. ఊరికే మెచ్చుకునేవారూ కాదు. ఆయన నోట "బాగుంది" అన్న మాట వస్తే, ఆ పిల్లవాడు ఇంటిదాకా పరుగెత్తి వెళ్ళి చెప్పుకునేవాడు.

వీణ నేర్చుకునేవాళ్ళలో వకుళ అనే అమ్మాయి ఉండేది. ఆమె తల్లి ఏటి ఒడ్డున తుంగ కోసి చాపలు అల్లేది. వకుళకు పాఠం నెమ్మదిగా వచ్చేది. తోటివాళ్ళు నాలుగుసార్లలో నేర్చింది ఆమెకు నెల పట్టేది. "బాగుంది" అన్న మాట ఆమె ఎన్నడూ వినలేదు.

ఆ ఏడు వానల్లో భావనయ్యకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గాక, బక్కచిక్కి, మళ్ళీ బడికి వచ్చారు. అప్పుడే రాజుగారి కబురు కూడా వచ్చింది.

"మహారాణి కన్నుమూసి ఏడాది కావస్తోంది. ఆమె వీణ మీద ఇష్టంగా వాయించుకునే కీర్తనను ఏడాది నిండే రోజున బడిపిల్లల చేత వినిపించండి. ఆమె పోయాక నేను సంగీతం వినలేదు."

గురువు తలవంచి ఒప్పుకున్నారు. పాఠం మొదలైంది.

ఒకనాడు మంత్రి కొడుకు విరూపాక్షుడు వేణువు మీద చరణం మధ్యలో దారి తప్పాడు. చీవాట్లు తప్పవని కళ్ళు మూసుకున్నాడు. "బాగుంది నాయనా" అన్నారు గురువు.

మరునాడు వీణ తీగ ఒకటి టప్పున తెగింది. పిల్లలందరూ ఉలిక్కిపడ్డారు. అటు తిరిగి నిలబడ్డ గురువు ఇటు తిరగనే లేదు.

ఆపైన వర్తకుడి కొడుకు కామేశం కావాలనే మృదంగం మీద అడ్డదిడ్డంగా కొట్టాడు. గురువు చిరునవ్వుతో తల ఊపారు.

పిల్లలకు అర్థమైపోయింది. గురువుగారికి వినపడటం లేదు. ఎదురుగా మాట్లాడితే పెదవులు చూసి గ్రహిస్తున్నారు, అంతే.

"ఇక మనకు తిట్లు లేవురా!" అన్నాడు విరూపాక్షుడు.

"రాజుగారి ముందు ఎలా మరి? గురువుగారికి చెప్పొద్దా?" అంది వకుళ.

"చెబితే ఆయన కొలువు పోతుంది. ఈ వయసులో ఎక్కడికి పోతారు? ఊరుకోవడమే మనం ఆయనకు చేసే మేలు" అన్నాడు కామేశం.

ఆ మాట అందరికీ నచ్చింది. బద్ధకానికి జాలి అనే పేరు దొరికింది. ఆ రోజు నుంచి ఎవరూ సాధన చెయ్యలేదు.

వకుళ కూడా నోరు మెదపలేదు. అందుకు ఆమె కారణం వేరు. ఆ రోజే ఆమె వాయించగానే గురువు, "బాగుందమ్మా" అన్నారు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట అది! ఇంటికి వెళ్ళి చెబితే తల్లి అల్లుతున్న చాప పక్కన పెట్టి కళ్ళు ఒత్తుకుంది. కూతురి నోట్లో బెల్లం ముక్క పెట్టింది. వకుళ దాన్ని తీసి చేతిలో పట్టుకుంది. తన వీణ ఆ పూట శ్రుతిలో లేదని ఆమెకు తెలుసు.

"అమ్మా, బాగాలేదే. గురువుగారికి వినపడదు. వినపడక బాగుందన్నారు."

తల్లి ఆమెను దగ్గరికి తీసుకుంది. "మీరెవరైనా ఆయనకు చెప్పారా?"

"లేదు."

"అయ్యో! ఇంతమంది పిల్లల మధ్య కూర్చుని ఆ పెద్దాయన ఒంటరివాడైపోయాడు కదే" అంది తల్లి.

తెల్లవారగానే వకుళ అందరికంటే ముందు బడికి వెళ్ళింది. గురువుకు ఎదురుగా కూర్చుంది. తన వీణను ఇద్దరి మధ్యా పెట్టింది.

"గురువుగారూ, నిన్న నేను వాయించింది బాగుందన్నారు. బాగాలేదండి. తీగ దిగిపోయి ఉంది. మీకు వినపడలేదు."

భావనయ్య ముఖం పాలిపోయింది. "అందరికీ తెలుసా?"

"తెలుసండి."

"నవ్వుకుంటున్నారా?"

వకుళకు ఏడుపొచ్చింది. అయినా అబద్ధం చెప్పలేకపోయింది. "కొందరు నవ్వుకుంటున్నారండి."

ఆయన కిటికీ వైపు చూస్తూ అన్నారు. "జ్వరం తగ్గిన రోజే తెలిసింది తల్లీ. ఈ బడి తప్ప నాకేమీ లేదు. పంపేస్తారని భయపడ్డాను. మీ వేళ్ళు చూసి నెట్టుకొచ్చాను. వేలు సరైన మెట్టు మీదే ఉన్నా, తీగ దిగితే కంటికి తెలియదు."

అలా అంటూ, అలసిపోయినట్టు ముందుకు వంగి, వీణకుండే గుండ్రని కుండ మీద నుదురు ఆన్చారు. ఏం చెయ్యాలో తోచక వకుళ ఒక తీగ మీటింది.

గురువు ఉలిక్కిపడ్డారు. "ఇంకోసారి!"

ఆమె మీటింది.

"మంద్రం తీగ... దిగింది. బిగించు" అన్నారు. కుండ మీద కన్నీటి చుక్కలు రాలాయి. కర్రలోంచి, ఎముకలోంచి, నాదం సన్నగా ఆయనకు అందుతోంది.

పిల్లలు వచ్చాక ఆయన లేచి నిలబడ్డారు. "నాకు చెవులు పోయాయి. దాచడం నా తప్పు. తెలిసీ ఊరుకోవడం మీ తప్పు. వీణను నుదుటితో వింటాను. వేణువును అలా వినలేను. కనుక ఒకరు వాయిస్తే ఇంకొకరు వినండి. తప్పుంటే అక్కడే చెప్పండి. చెప్పినవాళ్ళ మీద అలగకండి."

విరూపాక్షుడు వచ్చి ఆయన పాదాల మీద పడ్డాడు. కామేశం తల ఎత్తలేకపోయాడు.

ఆ సాయంత్రమే భావనయ్య కోటకు వెళ్ళి రాజుకు నిజం విన్నవించారు. "మహారాణి రోజు గడవనివ్వండి. ఆ తర్వాత ఆలోచిద్దాం" అన్నాడు రాజు.

ఆ రోజు రానే వచ్చింది. సభలో మహారాణి వీణకు పూలు పెట్టి ఉంచారు. పిల్లలు కీర్తన ఎత్తుకున్నారు. వింటున్నవాళ్ళెవరూ కదలలేదు. ఆఖరి చరణంలో వకుళ వేలు ఒక మెట్టు తప్పి, వెంటనే సర్దుకుంది.

వాద్యాలు ఆగాక రాజు అడిగాడు. "ఆచార్యా, ఎలా వాయించారు?"

"ప్రభూ, నేను చెప్పలేను. పిల్లలే చెబుతారు."

వకుళ లేచి నిలబడింది. "మహారాజా, అందరూ సరిగానే వాయించారండి. చివరి చరణంలో నేనొక్కదాన్ని తప్పాను."

సభలో గుసగుసలు లేచాయి. రాజు మాత్రం ఆమెనే చూస్తున్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"మహారాణి కూడా సరిగ్గా అక్కడే తడబడేదమ్మా" అన్నాడు. "తడబడి, నా వైపు చూసి ఒప్పుకునేది. ఏడాదిగా అందరూ నాకు ఆమె గొప్పతనం ఒక్కటే చెబుతున్నారు. ఆమెను మళ్ళీ చూసినట్టయింది ఈ రోజే."

తర్వాత గురువు వైపు తిరిగాడు. "తన లోపం తానే వచ్చి చెప్పిన గురువును నేను వదులుకోను. మీకు తోడుగా ఒక యువకుణ్ణి నియమిస్తాను. వినడం అతని వంతు, నేర్పడం మీ వంతు."

భావనయ్య బతికినంతకాలం ఆ బడిలోనే ఉన్నారు. కొన్నేళ్ళకు నుదుటికి అందే నాదం కూడా పోయింది. అప్పుడు పిల్లలే ఆయన ఎదుట కూర్చుని, ఆ పూట ఎవరు ఎక్కడ తప్పారో, ఎవరు ఎలా దిద్దుకున్నారో పూసగుచ్చినట్టు చెప్పేవారు.

కాబట్టి పిల్లలూ, మనం గౌరవించేవారికి, వారి మనసు నొచ్చుకున్నా సరే, నిజాన్ని ఎదురుగా కూర్చుని ప్రేమతో చెప్పాలి.