బైపాస్ బిళ్ళల మీద పెరుగు గుండిగ

ఊటపాలెంలో తెలివైనవాళ్ళ ఇల్లు ఏదని ఎవరైనా అడిగితే సూరమ్మ ఇల్లు చూపించేవారు. ఎవరు చూపించేవారంటే, సూరమ్మా, ఆవిడ ఇద్దరు కొడుకులూను. మిగతా ఊరంతా ఆ మాట వినగానే ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకి తిరిగిపోయేది.

పెద్దకొడుకు గవర్రాజు. పంచాయతీ ఆఫీసు గోడ మీద 'తడి రంగు, చెయ్యి పెట్టరాదు' అని రాసుంటే చదివాడు. నిజంగా తడేనా అని అనుమానం వచ్చింది. అంతే, నాలిక పెట్టి చూశాడు. చెయ్యి పెట్టలేదు మరి! రెండోవాడు అప్పలకొండ. గేదెకి వేళకి నీళ్ళు పెట్టరా అని తల్లి చెబితే, ఇంట్లో గడియారం తెచ్చి గేదె ముందు వేలాడదీశాడు. వేళ అయిందో లేదో దానికీ తెలియాలిగా అన్నాడు.

"నా కొడుకులు చెప్పింది చెప్పినట్టు చేస్తారు. అక్షరం తేడా రాదు. దాన్నే తెలివంటారు" అని సూరమ్మ బావి దగ్గర అందరికీ చెప్పుకునేది. అందరూ బిందెలు తొందరగా నింపుకునేవారు.

తెలివి సంగతి పక్కన పెడితే, సూరమ్మ తోడేసిన పెరుగుకి మాత్రం వంక పెట్టడానికి లేదు. గరిటెతో తీస్తే గడ్డలు గడ్డలుగా లేచేది. నాలుగు గేదెలు, చెయ్యి తిరిగిన ఒక మనిషి. అంత మంచి పెరుగు, అలాంటి ఇంట్లో.

సూరమ్మ కూతురు ఈశ్వరిని పెదగరువులో ఇచ్చారు. ఆ పెళ్ళిలో మూడో బంతికి పెరుగు చాల్లేదు. ఇంకేముంది, ఈశ్వరి అత్త నూకాలమ్మకి ఆరేళ్ళకి సరిపడా మాట దొరికింది. వంకాయ మాడితే "మీ పుట్టింటి పెరుగులాగుంది" అనేది. వాన ముఖం చాటేస్తే "మీ పుట్టింటి పెరుగే" అనేది. ఇప్పుడు ఆ నూకాలమ్మ వాళ్ళు కొత్తిల్లు కట్టారు. గృహప్రవేశానికి రెండొందల మంది భోజనాలు.

ఈశ్వరి ఫోను చేసింది.

"అమ్మా, పెరుగంతా మా పుట్టింటి నుంచే వస్తాదని మా అత్తకి మాటిచ్చేశాను. పన్నెండున్నరకి మొదటి బంతి. ఈ ఒక్కసారికి పెరుగుని పెరుగులాగ తీసుకురండే. లేదంటే ఈ కొత్తింట్లో కూడా నాకు అదే పాట."

"నీకెందుకే దిగులు? మేం ముగ్గురం వస్తన్నాం" అంది సూరమ్మ.

ఈశ్వరికి దిగులు అక్కడే మొదలైంది.

గవర్రాజు కొత్తగా ఒక పాత కారు కొన్నాడు. నడపడం కూడా నేర్చుకున్నాడు. ఊటపాలెం నుంచి పెదగరువుకి బైపాస్ మీద ఇరవై కిలోమీటర్లు. ఆ రోడ్డుకి ఈ మధ్యనే తెల్ల గీతల పొడుగునా, గీత మీదే, అరచేతంత బిళ్ళలు బిగించారు. రోడ్డు మీంచి వేలెడు ఎత్తు లేచి ఉంటాయి. వెలుతురు పడితే మెరుస్తాయి. వాటిని బిగించిన మేస్త్రి ఒకరోజు సూరమ్మ ఇంటికి మజ్జిగ తాగడానికొచ్చాడు.

"ఆ బిళ్ళలెందుకు బాబూ?" అని సూరమ్మ అడిగింది.

"మీ ప్రాణాలకేనమ్మా. బండి గీత దాటి పక్కకి పోతే టైరు వాటి మీదకి ఎక్కుతుంది. టకటకమని చప్పుడొస్తుంది. తూగుతున్నోడైనా ఉలిక్కిపడి సర్దుకుంటాడు. ఆ చప్పుడు ఎన్ని ప్రాణాలు కాపాడుతుందో మీకు తెలీదు."

మేస్త్రి మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ముగ్గురూ ఆ మాట పట్టుకుని సాయంత్రం దాకా ఆలోచించారు.

"చప్పుడు ప్రాణం కాపాడుతుందన్నాడు" అన్నాడు గవర్రాజు.

"మరి చప్పుడు ఆగితే?" అన్నాడు అప్పలకొండ.

సూరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఆగనిస్తామేటిరా! దారి పొడుగునా చప్పుడొచ్చేలాగే నడుపు."

గృహప్రవేశం రోజు పదకొండు కొట్టగానే కారు బయల్దేరింది. వెనక సీట్లో సూరమ్మ, ఆవిడ కాళ్ళ మధ్య పెద్ద స్టీలు గుండిగ. గుండిగ నిండా పెరుగు. మీద మూత, మూత మీద గుడ్డ కట్టు. బైపాస్ ఎక్కగానే గవర్రాజు ఎడమ టైర్లని తీసుకెళ్ళి సరిగ్గా బిళ్ళల వరస మీద పెట్టాడు. అంతే. టక టక టక టక.

"ఆహా, ఎంత క్షేమంగా ఉందిరా!" అంది సూరమ్మ. ఆవిడ గాజులు, పళ్ళు, గుండిగ మూత, అన్నీ కలిసి తాళం వేస్తున్నాయి. గుండిగలోంచి గుబుక్ గుబుక్ అని వినిపిస్తోంది.

"అమ్మా, అదేం చప్పుడే?"

"పెరుగు కూడా సంతోషిస్తందిరా."

కాస్త దూరం పోయేసరికి స్టీరింగు గజగజ వణకడం మొదలెట్టింది. గవర్రాజు చేతులు కూడా దానితో పాటే వణుకుతున్నాయి.

"అన్నియ్యా, దీనికి చలి జ్వరం వచ్చినట్టుంది" అన్నాడు అప్పలకొండ.

"మరి చూస్తావేటి? దుప్పటి కప్పు" అంది సూరమ్మ.

అప్పలకొండ సీటు మీద పరిచిన దుప్పటి తీసి స్టీరింగు చుట్టూ చుట్టేశాడు. ఇంకేముంది, గవర్రాజు చెయ్యి దుప్పటి మీద జారుతోంది, దుప్పటి స్టీరింగు మీద జారుతోంది, కారు రోడ్డంతా జారుతోంది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఎటు పోయినా మళ్ళీ వెతుక్కుని వెతుక్కుని బిళ్ళల మీదకే వస్తోంది.

దారిలో ఒక హోంగార్డు విజిలేసి ఆపాడు.

"ఏమయ్యా, తాగావా?"

"మజ్జిగన్నంలో మజ్జిగ తాగానండి."

హోంగార్డు తల పట్టుకున్నాడు. "అదిగో, రెండు గీతల మధ్య అంత రోడ్డుంది. అందులో పోవాలి. అస్తమానం బిళ్ళలెక్కితే టైరుకి రోడ్డు మీద పట్టు ఉండదు. స్టీరింగు నీ మాట వినదు. పైగా అటు మబ్బేసింది చూడు. తడిస్తే అవి సబ్బుబిళ్ళల్లాగ జారతాయి. వాటి మీద బ్రేకు తొక్కావో, పొలంలో తేలతావు. ఆ దుప్పటి తియ్యి ముందు!"

"చిత్తం" అన్నారు ముగ్గురూ. దుప్పటి తీసేశారు. కారు కదిలింది. మళ్ళీ బిళ్ళల మీదకే.

"అన్నియ్యా, ఆయన వద్దన్నాడు కదా?"

"ఆయన ఇప్పుడు చెప్పాడు. మేస్త్రి ముందు చెప్పాడు. పైగా బిళ్ళలు బిగించినోడు మేస్త్రి. ఎవరికి తెలుస్తాదిరా?"

ఈ మాటకి తిరుగులేదు. కానీ స్టీరింగు మాట వినదన్న ముక్క మాత్రం గవర్రాజుని పట్టుకుంది. చప్పుడు మరీ ఎక్కువగా ఉంది కదా, పాపం దానికేం వినిపిస్తుంది? అంతే, అప్పలకొండని పురమాయించాడు. అప్పలకొండ పక్క సీట్లోంచి వంగి, స్టీరింగుకి నోరు ఆనించి అరవడం మొదలెట్టాడు.

"ఎడమకీ! ఎడమకి తిరగమ్మా! కుడికీ!"

తమ్ముడి బుర్ర అడ్డం వచ్చి అన్నకి రోడ్డు కనపడటం లేదు. "ఒరే, తల తియ్యి" అంటే, "నీతో కాదు, దానితో మాట్లాడుతున్నాను" అన్నాడు.

అప్పుడే వాన పడింది. వేసవి వాన, పెద్ద పెద్ద చినుకులు. ముందు పోతున్న ఆటో ఆగింది. గవర్రాజు కంగారుపడి బ్రేకు తొక్కాడు, సరిగ్గా బిళ్ళల మీదే. ఇంకేముంది! కారు సర్రున జారి, గిర్రున తిరిగి, రోడ్డు పక్కన ఇసక గుట్టలో ముక్కు పెట్టి ఆగింది. గుండిగ సూరమ్మ ఒళ్ళోకి ఎక్కింది. పొలంలోకి ఇంకా రెండడుగులే ఉంది.

ముగ్గురూ కిందికి దిగారు. ఒళ్ళు చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి.

"ఎందుకిలా అయింది?" అంది సూరమ్మ.

"తడిస్తే జారతాయని ఆయన చెప్పలేదేటి? బిళ్ళలు తడిశాయి" అన్నాడు గవర్రాజు.

"మరి ఇందాకే చెబితే తుడిచేవాడిని కదా!" అన్నాడు అప్పలకొండ.

కారుని వెనక్కి తోసుకుని మళ్ళీ రోడ్డెక్కించారు. అప్పలకొండ తువ్వాలు తీసి ముందు నడుస్తూ ఒక్కో బిళ్ళా తుడవడం మొదలెట్టాడు. తుడిచిన బిళ్ళ మీదకి కారు ఒక గెంతు. మళ్ళీ తుడుపు. మళ్ళీ గెంతు. తుడిచిన బిళ్ళ తుడిచినట్టే తడుస్తోంది. తువ్వాలు తడిసింది, చొక్కా తీసి తుడిచాడు. చొక్కా తడిసింది, సూరమ్మ గొడుగిచ్చింది. అప్పలకొండ తాను తడుస్తూ బిళ్ళకి గొడుగు పట్టాడు.

వెనకాల బళ్ళు అరకిలోమీటరు ఆగాయి. హారన్లే హారన్లు.

"ఎంతమంది మెచ్చుకుంటన్నారో చూడరా" అంది సూరమ్మ.

లారీ డ్రైవరు దిగొచ్చాడు. "అయ్యా, బిళ్ళ పక్కన రోడ్డంతా ఖాళీగా ఉంది కదా. దాని మీద పోవచ్చు కదా?"

గవర్రాజు అతన్ని జాలిగా చూశాడు. "చప్పుడు రాదు కదయ్యా."

లారీ డ్రైవరు వెనక్కి తిరిగాడు. వెళ్ళి లారీలో కూర్చుని నీళ్ళు తాగాడు.

ఈశ్వరి ఫోను. "అన్నియ్యా, ఎంతవరకొచ్చారు? పప్పు వడ్డించేశారు!"

"బిళ్ళలు తుడుస్తన్నామమ్మా."

"ఏం తుడుస్తన్నారు?" అని ఈశ్వరి అడిగేలోపు వీళ్ళు పెట్టేశారు. మళ్ళీ ఫోను. "చారు పోస్తన్నారు! అత్త నా వైపే చూస్తోంది!" ఈసారి గొంతు ఏడుపుగా ఉంది.

వాన వెలిసింది. బిళ్ళలు ఎండాయి. గవర్రాజు చెల్లెలి మీద ప్రేమకొద్దీ జోరు పెంచాడు. బిళ్ళల మీదే. టకటకటకటక. మిగిలిన ఎనిమిది కిలోమీటర్లూ గుండిగలో ఏదో గెంతుతూనే ఉంది.

పెదగరువులో కారు ఆగేసరికి మొదటి బంతి వాళ్ళు ఆకుల ముందు ఉత్త అన్నంతో ఎదురుచూస్తున్నారు. ఈశ్వరి పరిగెత్తుకొచ్చింది. గుండిగని వంటశాల దగ్గర దింపి, గుడ్డ విప్పి, మూత తీశారు.

పెరుగు లేదు. పల్చటి మజ్జిగ. దాని మీద బుజ్జి గుమ్మడికాయంత వెన్నముద్ద తేలుతోంది.

"అమ్మా! పెరుగేదే?"

సూరమ్మ గుండిగలోకి తొంగి చూసింది. తర్వాత చిన్నకొడుకు వైపు చూసింది. "ఒరే, నువ్వు తిన్నావా?"

"నేను బిళ్ళల దగ్గరే ఉన్నానే! నువ్వేగా పక్కన కూర్చున్నావు?"

"నా మీద ఒట్టు, మూత తియ్యలేదు."

ఈశ్వరి నేల మీద కూలబడింది. ఇక ఆరేళ్ళ పాట అరవై ఏళ్ళకి పెరిగినట్టే. పైట కొంగు నోట్లో కుక్కుకుని, అత్తకి చెప్పడానికి లోపలికి నడిచింది.

గవర్రాజు మాత్రం గుండిగ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆలోచించాడు. ముఖం వెలిగిపోయింది.

"అమ్మా, పొద్దున్న ఇది పెరుగేగా? ఇరవై కిలోమీటర్లు ముందుకి నడిపాం. మజ్జిగైంది. ముందుకి నడిపితే మజ్జిగైనప్పుడు, వెనక్కి నడిపితే?"

సూరమ్మ కళ్ళు తుడుచుకుంది. "నిన్ను కన్నందుకు నా జన్మ ధన్యమైందిరా!"

అంతే, గుండిగ మళ్ళీ కారెక్కింది.

లోపల ఈశ్వరి ఏడుస్తూ సంగతి చెప్పింది. నూకాలమ్మ విని, విసనకర్ర ఆపి, బయట ఉక్కపోతకి చెమటలు కక్కుతున్న బంతిని చూసింది.

"ఏడుస్తావెందుకే? వాన పడి ఆగింది, ప్రాణాలు పోతున్నాయి. ఇప్పుడు పెరుగెవరిక్కావాలి? మజ్జిగే పొయ్యమను. కాస్త ఉప్పు, అల్లం వెయ్యి. అంత వెన్న కూడా పంపారా మీవాళ్ళు? ఈ ఒక్కసారికి మీ పుట్టింటి వాళ్ళు మంచి పని చేశారు."

ఆరేళ్ళలో మొదటిసారి ఈశ్వరి తలెత్తింది. నవ్వుకుంటూ, గరిటె పట్టుకుని వంటశాలకి పరిగెత్తింది. గుండిగ లేదు. వాకిట్లోకి పరిగెత్తింది. కారు లేదు.

దూరంగా బైపాస్ మీద, వెనక్కి వెనక్కి, సరిగ్గా బిళ్ళల వరస మీద, టక టక టక టకమంటూ కారు పోతోంది. దాని వెనకాల, అంటే దాని ముందర, హోంగార్డు విజిలేస్తూ పరిగెడుతున్నాడు. అప్పలకొండ కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ దారి చెబుతున్నాడు. వెనక సీట్లో సూరమ్మ వెన్నముద్దని మజ్జిగలోకి ముంచి పట్టుకుని, మధ్య మధ్యలో వేలు పెట్టి చూస్తూ కేకలేస్తోంది.

"ఒరే గవర్రాజూ, నెమ్మదిగా పోనీరా! పెరుగు దగ్గర ఆపు! ఆదమరిచి ఇంకాస్త వెనక్కి పోయామంటే పాలైపోతాయి!"