ఆవంలో కూర్చున్న వీధి

అప్పుడెప్పుడో, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, ఏటిగట్టున ఒక కుమ్మరిపల్లె ఉండేది. ఊ కొట్టేవాళ్లు కొట్టండి, నిద్రొచ్చేవాళ్లు పడుకోండి, కథ మాత్రం ఆగదు.

ఆ పల్లెలో అంకాలు అనే ముసలమ్మ. బతుకంతా కుండలతోనే గడిచింది. వయసు మీద పడ్డాక ఒక్కొక్కటీ మరిచిపోయింది. ఏటి దారి మరిచింది. కొడుకు పేరు మరిచింది. చివరికి తాను మనిషినన్న సంగతే మరిచింది. ఒక పొద్దున మంచం మీద బిగుసుకుని కూర్చుని, "నేను పచ్చికుండని. నీళ్లు తగిలితే కరిగిపోతా" అంది.

నవ్వకండి. ఆ మాట అన్నాక ఆవిడ గుక్కెడు నీళ్లు ముట్టలేదు. పెదాలు బీటలు వారాయి. నాలుక పిడచ కట్టుకుపోయింది. ఇలాగే ఉంటే ప్రాణం పోవడం ఖాయం.

కొడుకు పోలయ్య చెంబు పట్టుకుని ఏడ్చాడు. "నువ్వు కుండవేంటమ్మా, నా తల్లివి!"

"నేను పచ్చికుండని. కరిగిపోతా."

వైద్యుడొచ్చి కషాయం కాచాడు.

"కషాయం మాత్రం తడి కాదా అయ్యా? నేను పచ్చికుండని. కరిగిపోతా."

భూతవైద్యుడొచ్చి వేపమండ ఎత్తాడు.

"కొట్టకురా, పచ్చికుండని! పగిలిపోతా!" అని ముసలమ్మ గజగజ వణికింది. ఆ వణుకు చూసి వాడే మండ కింద పడేశాడు.

కోడలు పేరంటాలు ఇదంతా గుమ్మంలోంచి చూస్తోంది. మట్టి మోయడానికీ పిడకలు చరచడానికీ తప్ప ఆమెను ఎవరూ పిలిచేవాళ్లు కాదు. కాపురానికొచ్చిన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని మట్టి పిసకడం నేర్పింది ఆ అత్తే. పేరంటాలు గుమ్మం దాటి లోపలికొచ్చింది. వెళ్లి అత్త పక్కన కూర్చుంది.

"పచ్చికుండవైతే కాల్చుకుందాం అత్తా. కాలిన కుండకి నీళ్లంటే భయమేంటి?"

ముసలమ్మ కళ్లు మెరిశాయి. అంతలోనే మొహం ముడుచుకుంది. "ఒంటికుండకి ఆవం వేస్తారటే, బుద్ధున్నవాళ్లు?"

నిజమే. ఒక్కదాని కోసం ఆ పల్లెలో ఎవరూ కుండలు కాల్చే ఆవం ముట్టించరు.

"ఒంటిదానివెందుకవుతావు? నేనూ పచ్చికుండనేగా!"

చల్లారిన ఆవంలో గడ్డి పరిచి అత్తను కూర్చోబెట్టింది. తనూ కూర్చుంది. పోలయ్య తల బాదుకున్నాడు. "ఒకరికి మతి పోయిందనుకుంటే ఇద్దరయ్యారే!"

"నువ్వూ రా మావా. ఆవం నిండొద్దూ?"

పోలయ్య కూర్చున్నాడు. నవ్వడానికొచ్చినవాళ్లు ముసలమ్మ పెదాలు చూసి నవ్వు మింగి కూర్చున్నారు. వైద్యుడు పంచె ఎగ్గట్టి కూర్చున్నాడు. భూతవైద్యుడూ సర్దుకున్నాడు. వీధి వీధంతా కుండలైపోయింది!

ఎడంగా రెండు పిడకలు రాజేశారు. పొగ వాసన తగలగానే అంకాలుకు పెద్దరికం తిరిగొచ్చింది. "సెగ తగ్గించండి! ఆ చివరోళ్లు కదలకండి, నెర్రెలిస్తారు!" అందరూ కిక్కురుమనకుండా కాలారు. చాలాసేపటికి తనే, "ఇక చాలు, మాడిపోతాం. విప్పండి" అంది.

లేచి వేలి కణుపుతో ఒక్కొక్కరి నెత్తీ తట్టి చూసింది. వైద్యుడు బాగానే కాలాడట. కొడుకు మాత్రం ఇంకా పచ్చేనట. ఆఖరికి పేరంటాలు అత్త భుజం మీద తట్టింది.

"ఖంగుమంది అత్తా!"

"నిజంగా?"

"ఖంగుమంది!" అని వీధంతా అరిచింది.

ముసలమ్మ చెంబు అందుకుంది. గటగటా తాగేసింది. రెండో చెంబూ తాగింది. మూడోది నెత్తిన కుమ్మరించుకుని, "చూశారా, కరగలేదు!" అని చిందేసింది.

అంకాలు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. పోయేదాకా తను కుండనే అనుకుంది. అనుకోనీండి, కాలిన కుండ కదా!

పేరంటాలు ఏనాడో పోయింది. ఆమెకు గుడి లేదు, రాయి లేదు. కానీ ఆ పల్లెలో ఇప్పటికీ ఆవం విప్పగానే మొదటి కుండలో నీళ్లు ఇంటి పెద్దకే ఇస్తారు. భుజం తట్టి, "ఖంగుమంది, తాగు" అంటారు. ఏ ముసలమ్మయినా తన కాళ్లు గాజువన్నా, కడుపులో పిచ్చుకలున్నాయన్నా ఎవరూ వాదించరు. పేరంటాలును తలుచుకుని పక్కన చతికిలబడి, "నాకూ అంతే పెద్దమ్మా, ఏం చేద్దామో చెప్పు" అంటారు.