వాసెన గుడ్డ

దాలినాయుడు మాస్టారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. పని చెప్పే అలవాటుంది. భీమిలిలో ఆయన దగ్గర దేశపటాలు గీయడం నేర్చినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు.

ఒక వేసవి పూట శిష్యుడు తవిటయ్య ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మాస్టారూ, కొలత తప్పనివాడి మాట వల్ల ఒక మనిషి చచ్చిపోతే, ఆ పాపం ఎవరిది?"

జరిగింది ఇది. ఉత్తర ధ్రువం దగ్గర మంచు మీద మనవాళ్లు రెండు చోట్ల గుడారాలు వేసుకుని ఉన్నారు. ఒకచోట వంటమనిషి కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నాడు. వైద్యుడు రెండో చోట ఉన్నాడు. మంచు మీద నడిచే బండి ఉంది గాని అందులో నూనె కొద్దిగానే ఉంది. బయలుదేరవచ్చునా అని వాళ్లను పంపిన ఆఫీసువాళ్లు మాస్టారికి ఫోను చేశారు. ఆయన దారి కొలిచే పని తవిటయ్యకు అప్పగించారు. తవిటయ్య గోడ మీది ప్రపంచపటానికి పురికొస పట్టి చూశాడు. ఒక గుడారం ఎడమవైపు, రెండోది కుడివైపు. పురికొస బారెడు వచ్చింది. మళ్లీ కొలిచినా బారెడే. సగం దారిలోనే నూనె అయిపోతుంది. వెళ్లొద్దని చెప్పాలి. ఫోను మళ్లీ వచ్చే వేళయింది.

మాస్టారు, భార్య అచ్చియ్యమ్మగారితో కలిసి కొత్తావకాయ జాడీల మూతుల మీద గుడ్డ పరిచి వాసెన కడుతున్నారు. తల ఎత్తకుండానే, "ఆ తువ్వాలు జాడీ చుట్టూ చుట్టు" అన్నారు.

"ఇప్పుడా మాస్టారూ? అవతల మనిషి ప్రాణం..."

"చుట్టమన్నాను."

తువ్వాలు జాడీ పొట్టకు చక్కగా అంటుకుంది. మూతి దగ్గర మాత్రం ఎడంగా నిలబడింది. నొక్కితే ముడతలు కుప్పపడ్డాయి.

"ఏటయ్యా, వాసెన కట్టమంటే గురుశిష్యులు జాడీకి చీర కడుతున్నారు!" అన్నారు అచ్చియ్యమ్మగారు.

"నీ గోడ పటంలో ఈ ముడతలేవిరా?" అన్నారు మాస్టారు.

తవిటయ్య ముడతల్ని వేలితో సాగదీశాడు. "సాగదీసి చదును చేశారండి. ధ్రువం దగ్గర చుక్కంత చోటును పటమంత వెడల్పున పరిచేశారు."

మొదటి ఏడే నేర్చిన పాఠం అది. తొందరలో పురికొస గుర్తుంది, పాఠం గుర్తులేదు.

మాస్టారు తువ్వాలు తీసేసి, జాడీ మూతి మీద వాసెన గుడ్డ పరిచారు. తవిటయ్య పొయ్యిలోని బొగ్గు తెచ్చి, ధ్రువమనుకున్న మూతి నడుమకు ఇటొకటి అటొకటి, గుడారాలకు గుర్తుగా చుక్కలు పెట్టాడు. వాటి మధ్య బెత్తెడు కూడా లేదు.

లోపల ఫోను మోగింది. తవిటయ్య పరుగెత్తాడు. "ఆగండి, లైను పెట్టెయ్యకండి!" ధ్రువాన్ని నడుమ పెట్టి, గొడుగు ఊచల్లా గీతలు గీసి, కొత్త పటం మీద దారి కొలిచాడు. ఈసారి కొలతనే కాక పటాన్ని కూడా ఒకసారి సరిచూసుకున్నాడు. నూనె సరిపోయి మిగులుతుంది. "బయలుదేరమనండి. తూర్పుకూ కాదు, పడమరకూ కాదు, ధ్రువం మీదుగా నేరుగా!"

తవిటయ్య తిరిగొచ్చాడు. "వైద్యుడు బండెక్కాడట మాస్టారూ. ఆ గోడ పటం ఇవాళే చించి పారేస్తాను. అబద్ధాల పటం."

మాస్టారు వాసెన అంచులు కిందికి లాగారు. మూతి మీద చదునుగా ఉన్న గుడ్డ జాడీ మెడ చుట్టూ ముడతలు పడింది.

"నీ కొత్త పటమూ ఇంతేగా. మరి దీన్నెప్పుడు చించుతావు?"

తవిటయ్య చేతిలోని పురికొసను వేలికి చుట్టుకున్నాడు.

"పాపం ఎవరిదని కదూ ఇందాక అడిగావు?" అని మాస్టారు చెయ్యి చాపారు. "ఆ పురికొస ఇలా తే. ఈ మెడకు కట్టాలి. దాని పని ఇక్కడుంది."