సూరాయమ్మ ఉప్పుమూట

ఎప్పటి మాటా అని మాత్రం అడక్కండి. నాకు చెప్పినావిడకీ తెలీదు, ఆవిడకి చెప్పినావిడకీ తెలీదు. ఊరుంది, ఊళ్ళో మనుషులున్నారు, మనుషులకి ఆకలుంది. అంతవరకే తెలుసు. మీరు ఊఁ కొడుతుంటే చెప్తాను. ఊఁ ఆగిందా, నేనూ ఆగిపోతాను.

ఆ ఊళ్ళో సూరాయమ్మ అని ఓ వంటమనిషి ఉండేది. పెళ్ళిళ్ళకి వండే మనిషి కాదు. పెళ్ళిళ్ళకి గాడిపొయ్యిలు తవ్వి గుండిగలు దొర్లించే మగాళ్ళు వేరే ఉండేవారు. సూరాయమ్మని పిలిచేది చిన్న పనులకి. పిల్లనిచ్చి పుచ్చుకునే మాటలకి వచ్చిన నలుగురికి. బారసాలకి చేరిన పదిమందికి. అలిగి అలిగి చాన్నాళ్ళకి గుమ్మం తొక్కిన అల్లుడికి. ఆ ఇంటి పొయ్యి మీద, ఆ ఇంటి గిన్నెల్లోనే వండేది. ఆవిడ వంటింట్లో ఉంటే ఇల్లాలు వచ్చినవాళ్ళ దగ్గర కూర్చుని నాలుగు మాటలాడుకునేది. సూరాయమ్మ కులమేమిటని ఎవరో అడగబోతున్నారు, నాకు తెలుసు. ఊరుకోండి. కథలో ఆ ముక్క లేదు.

ఆవిడకో అలవాటుండేది. ఏ ఇంట్లో వండినా, వెళ్ళేటప్పుడు ఆ ఇంటి ఉప్పుకుండలోంచి చిటికెడు ఉప్పు అడిగి తీసుకునేది. నడుముకి వేలాడే గుడ్డమూటలో వేసుకునేది. తర్వాత వండే ఇంట్లో పప్పు దించే ముందు, ఆ మూటలోది ఓ చిటికెడు వేసేది.

"ఇదేం చాదస్తం సూరాయమ్మా?" అనేవారు.

"ఒకరి ఉప్పు ఒకరు తినాలమ్మా. రేపు గట్టు తగాదా వచ్చి కర్ర ఎత్తినా, చెయ్యి ఆగుతుంది" అనేది.

ఆగేది కూడాను. ఉప్పు తిన్న ఇంటికి కీడు తలపెట్టకూడదనేది అప్పట్లో అందరికీ కట్టుబాటే. మనుషులకే కాదు, మనుషులు కాని వాళ్ళకీ కట్టుబాటే. ఈ ముక్క గుర్తుంచుకోండి. ఊళ్ళో ఆవిడ వండని ఇల్లు లేదు, ఆ మూటలోకి ఉప్పు రాని ఇల్లు లేదు అనుకునేవారు.

సూరాయమ్మకి ఒక్కతే కూతురు, గంగాలు. పురిటికి పుట్టింటికొచ్చింది. ఆడపిల్లని కంది. పురిటి స్నానం ఇంకా కాలేదు, పిల్లకి పేరూ పెట్టలేదు. ఉన్నది ఒక్క గది, ఒక్క పొయ్యి. ఊరందరిళ్ళల్లో విందులు వండిన మనిషి తన ఇంట్లో ఏనాడూ ఒకరిని పిలిచి విస్తరి వెయ్యలేదు.

"పిల్ల స్నానం నాడు పిలుస్తానే. ఓ పదిమందిని పిలిచి నా పొయ్యి మీద వండి పెడతాను" అనేది కూతురితో.

"ఎక్కడ కూర్చోబెడతావే అమ్మా, చూరు మీదా?" అని నవ్వేది గంగాలు.

అలా ఉండగా ఓ పొద్దున పడమటి ఊరి మనిషొకడు మూట నెత్తిన పెట్టుకుని ఆ దారిన వచ్చాడు. సూరాయమ్మ మంచినీళ్ళిచ్చింది. అతను తాగలేదు. చెంబు చేత్తో పట్టుకుని చెప్పాడు.

"మా ఊరి చివర పాడింట్లోకి ముగ్గురు ఆడవాళ్ళొచ్చారమ్మా. మా ఊరి వంటామెని పిలిపించుకున్నారు. ఏ వంటలోనూ ఉప్పు వెయ్యొద్దన్నారు. ఆవిడ అలాగే చప్పిడి కూడు వండిపెట్టి వచ్చింది. వాళ్ళు తిని, చేతులు కడుక్కుని ఊళ్ళోకి వచ్చారు. దీపాలు పెట్టేవేళకి దీపం పెట్టే మనిషి లేడు. పొలానికి పోయి ఉండబట్టి నేనొక్కణ్ణీ మిగిలాను."

"ఎవరు బాబూ వాళ్ళు?"

"అక్కచెల్లెళ్ళు. పెద్దది వాంతిభేది. నడిపిది మశూచికం. చిన్నది చలిజ్వరం."

చెంబు కింద పెట్టి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. వీధిలో కాకి కూడా లేదు. లోపల పిల్ల ఏడుస్తోంది. ఏడుస్తున్నదల్లా టక్కున ఆపేసింది. సూరాయమ్మ తలెత్తి చూస్తే గుమ్మం ముందు ఓ పెద్దావిడ నిలబడి ఉంది. అంత ఎండలో ఒంటి మీద చెమట చుక్క లేదు.

"సూరాయమ్మవి నువ్వేనా? చిన్న చిన్న విందులకి బాగా వండుతావటగా. మా ఇంట్లో పెట్టుకున్నాం. మేం ముగ్గురమే. వచ్చి వండిపెట్టు."

"అలాగే తల్లీ. ఏమేం చెయ్యమంటారు?"

"నీ ఇష్టం. ఒక్కటే మాట. దేన్లోనూ ఉప్పు వెయ్యకు."

సూరాయమ్మకి పడమటి ఊరి మనిషి మాట గుర్తొచ్చింది. గుమ్మం పట్టుకుంది. "ఒంట్లో బాగాలేదు తల్లీ. ఇంకెవరినైనా చూసుకోండి" అంది.

"నువ్వు వండకపోతే ఆకలితోనే వస్తాం. ఆకలి మీద వస్తే వరస చూడం. ముందు కనబడిన ఇంట్లోకే" అంది పెద్దావిడ. ఆ మాటంటూ లోపల ఉయ్యాల వైపు చూసింది.

సూరాయమ్మ కొంగు బిగించింది. గంగాలుకి ఏమీ చెప్పలేదు. చెబితే అది కెవ్వున అరుస్తుంది. "వంటకి వెళ్ళొస్తానే" అని మాత్రం అంది. దారి పొడుగునా తనలో తను ఒకటే అనుకుంటూ నడిచింది: పొయ్యి ఆరకూడదు, చెయ్యి వణక్కూడదు. పొయ్యి ఆరకూడదు, చెయ్యి వణక్కూడదు.

ఊరి చివర మొండిగోడల ఇల్లది. నిన్నటిదాకా పైకప్పు లేదు. ఇవాళ కప్పుంది, పొయ్యుంది, పొయ్యి మీద గిన్నెలున్నాయి. ఆ పొయ్యిలో ఎప్పుడూ మంట పెట్టిన జాడే లేదు. వసారాలో నడిపిది మొహం నిండా ముసుగేసుకుని కూర్చుంది. చిన్నది అంత ఎండలోనూ కంబళి కప్పుకుని పళ్ళు టకటకలాడిస్తోంది.

"నాకు చలేస్తోంది. పొయ్యి దగ్గర కూర్చుంటాను" అని వచ్చి సూరాయమ్మ పక్కనే చతికిలబడింది. పొయ్యిలో మంట సగానికి తగ్గిపోయింది.

పెద్దది సూరాయమ్మ నడుం వైపు చూసింది. "ఆ మూటేమిటి?"

"నా పని మూట తల్లీ."

"పని అయ్యాక కట్టుకుందువుగాని. చూరులో దోపు."

చూరులో విస్తరాకుల కట్ట ఉంది. దాని పక్కనే దోపింది. మూట చెయ్యి జారగానే ప్రాణం జారినట్టనిపించింది. ఇంకేముంది చేతిలో? గరిటె ఉంది, అంతే.

పప్పు ఉడికింది. పెద్దది వచ్చి వేలు ముంచి నాకింది. "ఉప్పు వేశావా?"

"వెయ్యలేదు తల్లీ."

గుమ్మడికాయ కూర దించింది. నడిపిది వచ్చి ముసుగు కింద నుంచి వేలు పెట్టి నాకింది. "ఉప్పు వేశావా?"

"వెయ్యలేదు తల్లీ."

చారు పొంగింది. చిన్నది కూర్చున్నచోటు నుంచే వేలు ముంచింది. సలసలా కాగే చారులో వేలు ముంచి, చల్లగా ఉందంది. "ఉప్పు వేశావా?"

"వెయ్యలేదు తల్లీ."

మూడుసార్లూ నిజమే చెప్పింది. ఆవిడకి అబద్ధాలాడ్డం చేతకాదు, నేర్చుకునే వయసూ కాదు. అన్నం వార్చింది. ఇంక వడ్డించడమే తరువాయి. ఇల్లు గుర్తొచ్చింది. గంగాలు మంచం మీద లేచి కూర్చుని ఉంటుంది, పిల్ల పాలకి వెతుక్కుంటూ ఉంటుంది. ఆ ఇద్దరి తర్వాత పక్కిల్లు, ఆ పక్కిల్లు, ఆ వీధి.

"ఆకులు వెయ్యి" అంది పెద్దది.

ఆకులు కడగాలిగా. ఏ వంటమనిషైనా కడిగే వేస్తుంది. సూరాయమ్మ లేచి చూరులోంచి ఆకుల కట్ట తీసింది. ఆకులతో పాటు మూట కూడా పిడికిట్లోకి వచ్చింది. అటు తిరిగి నీళ్ళ బానలో ఆకులు ముంచింది. ఆకుల కింద మూట ముంచింది. పొయ్యి ఆరకూడదు, చెయ్యి వణక్కూడదు. మూట పిసికింది. ఊరి ఉప్పంతా నీళ్ళలో కరిగింది. ఆ నీళ్ళతోనే మూడు విస్తళ్ళూ తడిపి, తుడవకుండా పరిచింది. ఖాళీ మూటని రవికలో దోపుకుంది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, చిన్నది పళ్ళు టకటకలాడించడం ఆపి విన్నదట.

వడ్డించింది. ముగ్గురూ కలిపారు. మొదటి ముద్ద తిన్నారు. రెండో ముద్ద తిన్నారు. మూడో ముద్ద నోట్లో పెట్టుకుని పెద్దది నమలడం ఆపేసింది.

"సూరాయమ్మా. ఉప్పు తగులుతోంది."

"వంటలో వెయ్యలేదు తల్లీ. ఆకులు కడిగాను."

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇక ఇక్కడే పీక పిసుకుతారనుకుంది సూరాయమ్మ. వాళ్ళు కదల్లేదు. పెద్దది నాలుకతో పెదవి తడుముకుంది. "ఇది కుమ్మరోళ్ళింటి ఉప్పు" అంది. నడిపిది ముసుగులోంచి, "ఇది సాలెవాళ్ళింటి ఉప్పు" అంది. చిన్నది, "ఇది కరణంగారింటి ఉప్పు" అంది. అలా వరసన చెప్పుకుంటూ పోయారు. ఒక్కో ఇంటి పేరు వినబడుతుంటే సూరాయమ్మకి ఒక్కో ఊపిరి వస్తోంది. ఆ ఇల్లు గట్టెక్కింది. ఆ ఇల్లూ గట్టెక్కింది. ఊరు చివరిదాకా వచ్చారు.

అప్పుడు చిన్నది మెల్లిగా అంది. "అక్కా, ఒక ఇంటిది లేదు."

"ఎవరింటిది?"

"ఈవిడదే."

ఎలా ఉంటుంది? తన ఇంట్లో విందంటూ పెడితే కదా, ఆ ఇంటి ఉప్పు మూటలో పడేది. సూరాయమ్మ అక్కడే నేల మీద కూలబడింది.

"నా ఇంటికి రండి తల్లీ. నా పొయ్యి మీద వండిపెడతాను. ఒక్క ముద్ద తినండి" అని కాళ్ళు పట్టుకుంది.

"కడుపు నిండిపోయింది సూరాయమ్మా. తిన్న ఉప్పుకి కట్టుబడతాం, ఆ గుమ్మాలు తొక్కం. కానీ వచ్చిన దారిన ఉత్త చేతులతో పోం. విస్తళ్ళు మడిచి, చేతులు కడుక్కుని మీ ఇంటికొస్తాం. ఎవరూ లేకపోతే ఆ ఇంటి మనిషి దొరికేదాకా ఈ ఊరు వదలం" అంది పెద్దది.

సూరాయమ్మ పరుగెత్తింది. పొద్దు వాలింది, తన నీడ తన ముందు పరుగెడుతోంది. ఒక్కసారి వెనక్కి చూసింది. ముగ్గురూ తాపీగా నడిచి వస్తున్నారు. వాళ్ళకి నీడల్లేవు.

ఇంట్లోకి వెళ్ళి, పిల్లని చంకనేసుకుని, గంగాలు రెక్క పట్టుకుని పక్కనున్న కుమ్మరోళ్ళింటికి లాక్కుపోయింది. "అప్పలమ్మా, పురిటి మైలతో తెచ్చానే. లోపలికి రానిస్తావా?"

కుమ్మరి అప్పలమ్మ ఆవిడ మొహం చూసింది. "మైలదేముంది, కడుక్కుంటాను. పిల్లనిటివ్వు" అంది.

గంగాలు తల్లి కొంగు వదల్లేదు. "నువ్వూ లోపలికి రావే అమ్మా."

"నా ఇంటికి మొదటిసారి చుట్టాలొస్తున్నారే. ఇంట్లో మనిషి లేకపోతే ఎలా?" అంది సూరాయమ్మ. కొంగు విడిపించుకుంది.

ఇంటికొచ్చి గుమ్మం తుడిచింది. పొయ్యి రాజేసింది. ఎసరు పెట్టి బియ్యం పోసింది. తన ఉప్పుకుండలోంచి చిటికెడు తీసి మూకుడు మీద పెట్టింది. పొయ్యి ఆరకూడదు, చెయ్యి వణక్కూడదు. ఈసారి చెయ్యి వణికింది. వణకదూ మరి? గుమ్మంలో అడుగుల చప్పుడు లేకుండా ముగ్గురొచ్చి నిలబడ్డారు.

"రండి తల్లీ" అంది సూరాయమ్మ.

తరవాత ఏం జరిగిందో చూసినవాళ్ళు లేరు. తడిక సందులోంచి కన్ను పెట్టి ఉన్న అప్పలమ్మకి ముగ్గురు ఆడవాళ్ళు వంగి లోపలికెళ్ళడం కనబడింది. ఒకరి వెనక ఒకరు బయటికి రావడం కనబడింది. తూర్పు దారి పట్టి పోయారు. ఆ తరంలో మళ్ళీ ఆ ఊరి వైపు రాలేదు.

ఊరంతా వచ్చి చూసేసరికి సూరాయమ్మ పొయ్యి పక్కన ఒరిగిపోయి ఉంది. పొయ్యి మాత్రం ఆరలేదు. అన్నం ఉడికి ఉంది. మూకుడు మీద ఉప్పు అలాగే ఉంది. గంగాలు ఆ ఉప్పు చూసి ఏడ్చిన ఏడుపుకి ఊళ్ళో ఎవరూ ఆ పూట ముద్ద ముట్టలేదు.

పిల్ల స్నానం నాడు ఊరివాళ్ళే వచ్చి ఆ ఇంట్లో, ఆ పొయ్యి మీద వండారు. చోటు చాలక వీధిలో నిలబడి తిన్నారు. పిల్లకి సూరాయమ్మ అని పేరు పెట్టారు. వెళ్ళేటప్పుడు ప్రతి ఇల్లాలూ ఆ ఇంటి ఉప్పుకుండలోంచి చిటికెడు అడిగి తీసుకెళ్ళింది.

ఆ తర్వాత రాజులు మారారు, రోడ్లొచ్చాయి, గ్యాసు పొయ్యిలొచ్చాయి. ఇప్పుడు ఆ వైపు ఊళ్ళల్లో ఇంట్లో పదిమందికి చిన్న విందంటే ఫోన్ చేస్తే చాలు, కేటరింగువాళ్ళు స్టీలు డబ్బాల్లో సరుకులు వేసుకుని బండి మీద వచ్చేస్తారు. వచ్చినవాళ్ళు ఎంత పేరున్నవాళ్ళయినా సరే, ఇల్లాలు గుమ్మంలోనే ఆపుతుంది.

"మీ ఇంటి ఉప్పు తెచ్చారా?" అని అడుగుతుంది.

వంటాయన జేబులోంచి చిన్న పొట్లం తీసి ఆవిడ చేతిలో పెడతాడు. ఆవిడ ఆ ఉప్పు పప్పులో వేస్తుంది, ఆకులు కడిగే నీళ్ళలో ఓ చిటికెడు వేస్తుంది. ఆ తర్వాతే పొయ్యి వెలిగించనిస్తుంది.