ఆకుపిట్టమ్మ తల్లి దారిబత్తెం

గుబ్బమెట్ట కొండపైన ఆకుపిట్టమ్మ తల్లి కొలువై ఉంది. విగ్రహం కోసం వెతికే భక్తులకు ముందు ఏమీ కనిపించదు. పసుపు రాసిన గుప్పెడంత రాయే అమ్మవారు. ఆ రాయి కింద ఒక పిట్ట ఉందంటే చాలామంది నమ్మరు.

పూర్వం ఇక్కడ దాలమ్మ అనే ఇల్లాలు ఉండేది. కార్తికంలో మంచు పట్టగానే ఆమె పెరటి ఉసిరిచెట్టు మీద బొటనవేలంత ఆకుపచ్చ పిట్టలు వాలేవి. ఆకుల అడుగున పురుగులు ఏరుకుంటూ, క్షణం నిలకడ లేకుండా తిరిగి, ఎండలు ముదరకముందే మాయమయ్యేవి. వాటి గూడు ఆ ఊళ్లో ఎవరూ చూసి ఎరుగరు.

ఒక ఫాల్గుణంలో కోడలు సింగారికి ఏడో నెల నిండింది. ఉత్తరాన కొండల అవతల ఉన్న పుట్టింటికి పంపమని ఆమె కాళ్లావేళ్లా పడింది. దారిలో బిడ్డ దక్కదేమోనని దాలమ్మకు భయం.

"నా మనవడు నా కొంపలోనే పుట్టాల" అని ససేమిరా అంది.

ఆ రోజుల్లోనే పిట్టలు గుండ్రంగా బలిశాయి. అవి గుడ్లతో ఉన్నాయనుకుంది ఆ మహాతల్లి! తన చూరు కింద గుడ్లు పెడితే కోడలికీ సుఖప్రసవం అవుతుందని తలచి, ఒకదాన్ని పట్టి గంప కింద మూసింది. పిట్ట ఉత్తరం వైపు అల్లికను రొమ్ముతో మోదసాగింది. గంప తిప్పినా మళ్లీ ఉత్తరానికే వెళ్లి మోదింది.

తెల్లవారి దాలమ్మ గంప ఎత్తింది. పిట్ట చచ్చి పడి ఉంది. ఈకలు రాలిన రొమ్ము మీద పల్చటి చర్మం కింద పచ్చగా కొవ్వు కనిపించింది.

"గుడ్లు కావత్తా, అది దారిబత్తెం" అంది సింగారి. "ఏటా మా కొండల మీదుగానే పోతాయి. కనడానికి ఇది కూడా పుట్టినకాడికే పోతాది. నిన్ను మీ అత్త అంపినాదా?"

దాలమ్మనూ ఆమె అత్త పంపలేదు. కన్నతల్లి ఎదురుచూసి చూసి పోయిందన్న సంగతి ఇన్నేళ్లకు గుండెలో కలుక్కుమంది. పిట్టను పాతి, పైన రాయి ఉంచి, "తప్పు కాయి తల్లీ" అని మొక్కి, ఆ పూటే కోడలిని తానే పుట్టింట దిగబెట్టింది. అటునుంచి అటే తన పుట్టింటికి వెళ్తే, ఆ గుమ్మంలో ఆమెను గుర్తుపట్టిన వారే లేరు.

నేటికీ ఫాల్గుణంలో అత్తలు చూలింత కోడళ్లను వెంటబెట్టుకుని వస్తారు. అమ్మ ఎదుట గంపను స్వయంగా చీల్చి, కోడలిని పుట్టింట విడిచి, తామూ తమ పుట్టింట ఒక పూట తిని రావాలి. అలా చేసినవారి ఇంట తల్లీబిడ్డలు చల్లగా ఉంటారని భక్తుల అనుభవం. పుట్టింట ఎవరూ మిగలని అత్తలకు గుడిలోనే అన్నం పెడతారు. ఆ పంక్తి మెట్లు దాటి కొండ దిగువదాకా సాగడం చూసి కొత్తవారు నివ్వెరపోతారు. ఎంత పండు ముసలినైనా వడ్డించేవారు "అమ్మీ, ఇంకొంచెం తిను" అనే అడగాలి.