అచ్చెమ్మ వంతు

పడుకున్నావా బంగారం? కాళ్ళు దుప్పట్లోకి పెట్టుకో, దోమలు కుడతాయి. రాజుల కథలు విసుగొచ్చాయన్నావుగా. సరే, ఇవాళ ఇంకోటి చెబుతాను. కానీ ఇది నవ్వులాట కథ కాదు, ముందే చెబుతున్నా. మధ్యలో ఏడిస్తే ఆపేస్తాను.

అనగనగా సముద్రం ఒడ్డున, ఇసకలో సగం కూరుకుపోయిన ఒక ఊళ్ళో నూకాలు అనే అమ్మాయి ఉండేది. నూకాలు మొగుడు దానయ్య. అత్త పోలమ్మ. ఒళ్ళో పైడి అని ఒక పాప. ఉన్నది ఒక రేకుల ఇల్లు, దాని చుట్టూ తాటాకుల కంచె.

దానయ్యది చేపల వేట. ఆ ఏడు మన సముద్రంలో చేప పడలేదు. అప్పుడు దానయ్య ఎక్కడో పడమటి రేవులో పెద్ద బోటు మీద పనికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ పక్కింటి లక్ష్ముణ్ణి కూడా బయల్దేరదీశాడు. లక్ష్ముడికి ఇల్లు విడిచి వెళ్ళడం సుతరామూ ఇష్టం లేదు. "నువ్వు తోడుంటే నాకు ధైర్యంరా, రారా" అని దానయ్యే బతిమాలి తీసుకుపోయాడు.

ఆ తర్వాత ఏమయిందీ? సముద్రం మధ్యలో దేశానికీ దేశానికీ ఒక గీత ఉంటుందట. నీళ్ళలో గీత ఎవడికి కనబడుతుందమ్మా! ఒకరోజు గాలికి బోటు ఆ గీత దాటేసింది. అవతలి దేశం వాళ్ళు వచ్చి బోటుతో సహా అందర్నీ పట్టుకుపోయి జైల్లో వేశారు.

అప్పటికి పైడి ఇంకా నూకాలు కడుపులోనే ఉంది. పాప పుట్టిందో లేదో, ఆడో మగో, తల్లీబిడ్డా బతికి ఉన్నారో లేదో, దానయ్యకి ఏమీ తెలీదు. నూకాలుకి రాత్రీ పగలూ అదే దిగులు.

లక్ష్ముడి పెళ్ళాం పేరు అచ్చెమ్మ. బోటు పట్టుబడిందని తెలిసిన రోజు నుంచీ అచ్చెమ్మ నూకాలుతో మాట మానేసింది. కుళాయి దగ్గర అందరి ముందూ అనేసింది కూడా. "నీ మొగుడే గదా నా ఇంటాయన్ని ఈడ్చుకుపోనాడు! ఉసురు తగలకపోదు" అంది. అందులో అబద్ధం ఏముంది? నూకాలు బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చి, తలుపేసుకుని ఏడ్చింది.

నెలలు గడిచాయి. పైడి పుట్టింది, బోర్లా పడింది, పాకడం మొదలెట్టింది. అప్పుడు పట్నంలో పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. జైల్లో ఉన్నవాళ్ళని ఒకే ఒక్కసారి తెర మీద చూపిస్తారట. వీళ్ళకి వాళ్ళు కనబడతారు, వాళ్ళకి వీళ్ళు కనబడతారు. ఒక్కొక్కళ్ళకి ఒక్కో వంతు. ఎంతసేపంటావా? నువ్వు ఒక పెరుగన్నం ముద్ద నమిలి మింగేంత సేపు. నువ్వు బుగ్గలో పెట్టుకుని కూర్చుంటావు చూడు, అంతసేపు కూడా కాదు.

ఊరంతా వ్యాను కట్టుకుని పట్నం వెళ్ళడానికి సిద్ధమైంది. సరిగ్గా అప్పుడే పైడికి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, కాలిపోయే జ్వరం. అమ్మవారు పోసిన ఇంట్లో వాళ్ళు గడప దాటకూడదు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు. పోలమ్మ గుమ్మానికి వేపమండలు కట్టేసింది. ఇంకెక్కడి వ్యాను, ఇంకెక్కడి పట్నం!

నూకాలుకి సుగుణ అని ఒక ఆడపడుచు ఉంది. పక్క ఊళ్ళో రొయ్యపిల్లల హేచరీలో కంప్యూటర్ పని చేస్తుంది. సుగుణ ఆఫీసువాళ్ళకి ఫోన్ చేసి కాళ్ళావేళ్ళా పడింది. "సరే, ఇంటి దగ్గర్నుంచే కనబడండి. కానీ ఫోన్లో కుదరదు, ల్యాప్‌టాప్ ఉండాలి" అన్నారు వాళ్ళు.

అప్పుడు సుగుణ తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి కంచె మీద నుంచి అందించింది. తనింట్లో చంటిపిల్లలున్నారు కదా, లోపలికి రాకూడదు. "వదినా, నీ ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టు. ఫోన్లో నెట్టు దీంట్లోకి వచ్చేస్తాది. తెర మీద నొక్కాల్సిన చోటు పెట్టి ఉంచాను. రేపు నేను కంచె దగ్గరే నిలబడి చెప్తాను, భయపడకు" అంది.

ల్యాప్‌టాప్ గడప దాటగానే పోలమ్మ అందుకుంది. అమ్మవారున్న ఇంట్లోకి ఏది వచ్చినా పసుపు నీళ్ళు పడాల్సిందే. పాల ప్యాకెట్టయినా అంతే, పావు కిలో ఉల్లిపాయలయినా అంతే. "నా కొడుకు ఇందులో అవుపిస్తాడే నూకాలూ" అని పోలమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. పసుపు నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, అంచులన్నీ గట్టిగా రుద్ది రుద్ది తుడిచింది. తుడిచి కళ్ళకద్దుకుంది. పిచ్చి తల్లి, ఎంత ప్రేమతో తుడిచిందో!

తెల్లారింది. వ్యాను వెళ్ళిపోయింది. అచ్చెమ్మ కూడా ఆ వ్యానులోనే వెళ్ళింది, ఇటువైపు చూడనైనా చూడలేదు. చూపించేది మధ్యాహ్నం మూడింటికి. నూకాలు పొద్దున్నే పైడికి వేపాకు నీళ్ళతో ఒళ్ళు తుడిచి, మెత్తటి పాత చీర ముక్క చుట్టింది. "మాటలు లేకపోయినా ఫరవాలేదు తల్లీ. ఒక్కసారి నిన్ను ఎత్తి మీ నాన్నకి చూపిస్తే చాలు" అంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక సుగుణ కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. "వదినా, ఫోన్లో హాట్‌స్పాట్ నొక్కావా?" "నొక్కాను." "ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో కుడిచేతి వైపు, కింద, చిన్న గుర్తు మీద నొక్కు. నీ ఫోను పేరు వస్తాది." నూకాలు నొక్కింది. పేరు రాలేదు. ఏ పేరూ రాలేదు. ఖాళీ.

"ఫోన్లో ఆపేసి మళ్ళీ పెట్టు వదినా." నూకాలు ఆపేసి మళ్ళీ పెట్టింది. రాలేదు. "ఫోను తీసుకొచ్చి దాని పక్కనే ఆనించి పెట్టు." ఆనించి పెట్టింది. రాలేదు. "అయితే ల్యాప్‌టాప్‌నే ఆపి మళ్ళీ వెయ్యి."

అది ఆగనూ ఆగదు, మళ్ళీ లేవనూ లేవదు! తెర మీద చిన్న చుట్ట గిర్రున తిరుగుతూ కూర్చుంది. పైడి గుక్కపట్టి ఏడుస్తోంది, పొక్కులు మండుతున్నాయి దానికి. పోలమ్మ వేపమండతో విసురుతూ "అమ్మా తల్లీ, చల్లగా చూడు" అని మొక్కుతోంది. ఎట్టకేలకి ల్యాప్‌టాప్ లేచింది. నూకాలు మళ్ళీ ఆ గుర్తు మీద నొక్కింది. మళ్ళీ ఖాళీ.

అప్పుడు సుగుణ ఫోను మోగింది. పట్నం నుంచి, వ్యానులో వెళ్ళినవాళ్ళలో ఒకావిడ. "ఓలమ్మా, మొదలెట్టేశారే! మొదటి పేరే దానయ్యది. వచ్చి కుర్చీలో కూకున్నాడు. మీరేరీ? మీ వైపంతా నల్లగా ఉంది!"

అంత దూరాన, ఆ పరాయి జైల్లో, నూకాలు మొగుడు కుర్చీలో కూర్చుని నల్లటి తెర వంక చూస్తున్నాడు. ఎవరూ రాలేదనుకుంటాడు. ఎవరూ మిగల్లేదనుకుంటాడు. నూకాలుకి ఆ ల్యాప్‌టాప్‌ని నేలకేసి కొట్టాలనిపించింది. నేనైతే కొట్టేసేదాన్నే.

"వదినా, వదినా, ఏడవకు. దాని అంచు మీద చిన్న దీపం వెలుగుతోందా?" అని అరిచింది సుగుణ. "ఏ దీపమూ లేదు." "ఉండాలి! చేత్తో తడిమి చూడు!" నూకాలు అంచంతా తడిమింది. ఒకచోట పసుపు ఎండి గట్టిగా పెళ్ళకట్టి ఉంది. గోటితో గీకింది. కింద చిన్న మీట ఉంది, వెనక్కి తోసేసి ఉంది. "అదే! ముందుకి తొయ్యి!" అంది సుగుణ. తోసింది. ఎర్రగా ఇంత దీపం వెలిగింది.

ఆ మీటే గాలిలో వచ్చే నెట్టుకి తలుపు. ముందురోజు గుడ్డతో గట్టిగా రుద్దినప్పుడు ఆ తలుపు మూసుకుపోయింది. సుగుణ ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు, అందుకే తనకి ముందు తట్టలేదు. పోలమ్మ తన పచ్చటి వేళ్ళ వంక చూసుకుంది. "నానే తుడిచినాను. నా చేత్తో నానే నా కొడుకు నోట్లో మట్టి కొట్టినాను" అని తల బాదుకుంది. నూకాలు ఊరుకో అత్తా అనలేదు. అనబుద్ధి కాలేదు. కోపం పొంగుకొచ్చింది. అత్త మొహం చూడకుండా ఫోను పేరు మీద నొక్కింది. ఈసారి కలిసింది.

తెర మీద కిటికీ తెరుచుకుంది. పట్నం ఆఫీసులో వాళ్ళంతా ఒక గడిలో కనబడ్డారు. ఇంకో గడిలో జైలు. ముందు కుర్చీ, వెనక గోడవార బల్ల. కానీ కుర్చీలో దానయ్య లేడు, లక్ష్ముడున్నాడు. దానయ్య వంతు అయిపోయింది. అచ్చెమ్మ వంతు నడుస్తోంది.

మరి దానయ్య ఏడీ? వెనకాల గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వీపు ఒక్కటే కనబడుతోంది. పోలమ్మకి ఆ వీపు చాలు. "చిక్కిపోనాడే, ఎముకలు లెక్కెట్టొచ్చు" అంది. నూకాలు "ఇదిగో, ఇటు చూడు!" అని గొంతు చించుకుంది. వంతు కానివాళ్ళ మాట అవతలికి పోదు. పాపని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. గోడవైపు తిరిగినవాడు ఎలా చూస్తాడు? జవాను వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు, బయటికి పద అని. నూకాలుకి ఇక ఆశ పోయింది. చేతులు దించలేదు, అంతే. దించడం కూడా తోచలేదు.

అచ్చెమ్మ పట్నంలో మైకు ముందు కూర్చుని ఉంది. ఇన్ని నెలలుగా మొగుడితో చెప్పాలనుకున్నవన్నీ నోటిదాకా తెచ్చుకుంది. అప్పుడు తెర మీద మూలగా ఒక గడి వెలిగింది. అందులో గాలిలో వేలాడుతున్న ఒక పాప, ఒళ్ళంతా పొక్కులు, పసుపు.

అచ్చెమ్మ తన మాటలన్నీ మింగేసింది. "ఏమయ్యా! నీ ఎనక దానయ్యని పట్టుకో! తిప్పు ఇటు! ఆడపిల్ల పుట్టిందని చెప్పు, పేరు పైడని చెప్పు! తెర మీదుంది, చూడమను!" అని ఒకటే అరుపు. లక్ష్ముడు కుర్చీ తన్నేసి లేచాడు. జవాను చెయ్యి తోసేసి, దానయ్యని రెండు భుజాలూ పట్టుకుని ఇటు తిప్పాడు. తిప్పి, తెర వైపు వేలు చూపించి, పకపకా నవ్వాడు.

దానయ్య చూశాడు. నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. ఏడుస్తున్న పైడి ఎందుకో ఠక్కున ఊరుకుంది. అంతే. తెర ఆరిపోయింది. వంతు అయిపోయింది. అచ్చెమ్మ తన మొగుడితో తన మాట ఒక్కటీ మాట్లాడలేదు.

ఆ తర్వాత పైడికి పొక్కులు ఎండాయి. అమ్మవారికి పెరుగన్నంతో చల్లదనం పెట్టి సాగనంపారు. నూకాలు అచ్చెమ్మ ఇంటికి వెళ్ళి కాళ్ళ మీద పడింది. "మళ్ళీ వంతు వస్తాదిలే. అప్పుడు మాట్లాడతాను. లెగు" అంది అచ్చెమ్మ.

మళ్ళీ వంతు రాలేదు బంగారం.

వానాకాలంలో జైల్లో జ్వరాలొచ్చాయి. చలికాలంలో వాళ్ళందర్నీ వదిలిపెట్టారు. బస్సు ఊళ్ళోకి వచ్చింది. ఒక్కొక్కళ్ళే దిగారు. దానయ్య ఆఖర్న దిగాడు, చేతిలో రెండు సంచులున్నాయి. ఒకటి తనది. రెండోది లక్ష్ముడిది.

దానయ్య పైడిని ఎత్తుకోకుండానే ముందు అచ్చెమ్మ దగ్గరికి వెళ్ళి సంచి పట్టుకుని నిలబడ్డాడు. అచ్చెమ్మ సంచి అందుకుంది. ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

నూకాలు పైడిని చంకనేసుకుని వెళ్ళి ఆ తలుపు కొట్టింది. తియ్యలేదు. మర్నాడూ వెళ్ళింది. తియ్యలేదు. నూకాలుకి వేరే దారి ఏముంది చెప్పు? తన మొగుడు తోడు రమ్మంటేనే ఆ మనిషి వెళ్ళాడు. తన కూతుర్ని చూపించడానికే అచ్చెమ్మ ఆఖరి మాటలు పోయాయి. ఈ రెండిటికీ ఏమిచ్చి సరిపెట్టగలదు? మూడోనాడు నూకాలు తలుపు కొట్టనైనా కొట్టలేదు. గుమ్మంలో కూలబడి ఏడుస్తూ కూర్చుంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. అచ్చెమ్మ వచ్చి పక్కనే కూర్చుంది. పైడి తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి అచ్చెమ్మ కొంగు పట్టుకుంది. అచ్చెమ్మ విడిపించుకోలేదు.

"ఆ రోజు ఆయనకి ఏం సెప్దామనుకున్నానో తెలుసా?" అంది అచ్చెమ్మ. నూకాలు తలూపింది, తెలీదని. "తిడదామనుకున్నాను. నన్నొదిలేసి పోతావా, నువ్వూ ఒక మగాడివేనా, సచ్చినా నీ మొహం చూడను అందామని. నెలల తరబడి కూర్చుకున్నాను ఆ తిట్లన్నీ. నా వంతు నాకే ఉండుంటే, అవన్నీ తిని పోయుండేవాడు."

పైడి తల మీద చెయ్యి వేసింది. "నీ గుంట అడ్డమొచ్చింది. నవ్వుతా అవుపించినాడు నాకు. పెళ్ళయినకాడ్నుంచి అంత నవ్వు నానెప్పుడూ చూళ్ళేదు. అదే ఆఖరి చూపు" అని, అప్పుడు ఏడ్చింది అచ్చెమ్మ, మొదటిసారిగా, గట్టిగా. నూకాలు ఆమెని పట్టుకుని కూర్చుంది.

చూశావా, ఏడవద్దన్నానా? ఏదీ, ఇటు తిరుగు, కళ్ళు తుడుస్తాను. ఇక మాటల్లేవు.

కథ వెళ్ళె కంచికి,
కెరటమొచ్చె ఒడ్డుకి,
గువ్వ చేరె గూటికి,
గుంట చేరె పక్కకి,
కళ్ళు మూస్తే నువ్వూ నేనూ
కలిసి పోదాం ఇంటికి.