బాజీ వ్యాను వెనక సీటు

అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు వీరభద్రాచారి గారికి లేదు. బెజవాడ కాలవగట్టు పక్కన బండ్ల డీజిల్ పంపులు బాగుచేసే షెడ్డు ఆయనది. ఏ బండి వచ్చినా, ఎంత పెద్దమనిషి తెచ్చినా, ముందు తాను నడిపి చూసి గాని బానెట్ ఎత్తరు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న దివాకరం మాత్రం ప్రశ్న పుట్టగానే అడిగేసే రకం. పాలిటెక్నిక్‌లో పన్నెండేళ్ళు ఇంజన్ల పాఠం చెప్పి, చేత్తో ఒక్క ఇంజనూ విప్పలేదన్న సిగ్గుతో ఉద్యోగం మానేసి వచ్చాడు. ఆచారి గారు అతన్ని ‘మాస్టారూ’ అని పిలుస్తారు. ఆ పిలుపులో వేళాకోళమెంతో గౌరవమెంతో దివాకరానికి ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం బాజీ తన డీజిల్ వ్యాను తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. రోజూ ఇరవై రెండు మంది పిల్లల్ని బడికి చేరవేసే బండి అది. నల్లటి పొగ కక్కుతోందని తల్లిదండ్రులు గోల పెట్టారు. సోమవారం పొగ పరీక్షలో నెగ్గిన కాగితం చూపించాలని, లేదంటే మరో వ్యాను మాట్లాడుకుంటామని బడివాళ్ళు తేల్చి చెప్పేశారు. బాజీకి ఆ వ్యాను తప్ప వేరే ఆధారం లేదు.

“సోమవారానికి పంపులో డీజిల్ వదిలే స్క్రూ కాస్త తగ్గించండి మేస్త్రిగారూ. మంగళవారం వచ్చి మళ్ళీ పెంచేయించుకుంటా. పొగ రాకపోతే ఫ్లైఓవర్ మీద బండి లాగదు,” అన్నాడు.

పొగ ఎంత నల్లగా ఉంటే ఇంజన్‌కి అంత బలమని అతని నమ్మకం. ఆ వీధికి వచ్చే డ్రైవర్లలో సగం మందిది అదే నమ్మకం. డీజిల్ ఎక్కువ అందితే బండి లాగడం నిజమే. కాలకుండా మిగిలింది మసిగా మారి గొట్టంలోంచి పోతుందన్నది ఎవరికీ పట్టదు. పరీక్ష రోజున స్క్రూ తిప్పి, మర్నాడు వెనక్కి తిప్పి పంపే మెకానిక్కులూ లేకపోలేదు.

దివాకరానికి బాజీని చూస్తే జాలేసింది. అసలు ఈ డీజిలే వదిలించుకుంటే పోదా అనిపించింది. అనిపించాక అడగకుండా ఉండలేడు కదా.

“మేస్త్రిగారూ, ఈ వ్యాను లీటరుకి పన్నెండు కిలోమీటర్లు ఇస్తుంది, మసి కక్కుతుంది. ఇంతే సైజు పెట్రోలు బండికి ఈ మసి ఉండదు గాని, ఎనిమిదికి మించి ఇవ్వదు. ఎక్కువ తాగిందంటే గాల్లోకి వదిలే బొగ్గుపులుసు వాయువూ ఎక్కువే. రెండిట్లో ఏది మంచిదంటారు? ఇతన్ని ఏది నడుపుకోమందాం?”

ఆచారి గారు చేతులు తుడుచుకుని తాళం చెవి అందుకున్నారు. “మీరిద్దరూ వెనక సీట్లో కూర్చోండి,” అన్నారు.

“వెనకెందుకండీ, మీ పక్కన కూర్చుంటాగా,” అన్నాడు బాజీ.

“పిల్లలు అక్కడ కూర్చుంటారుగా. నువ్వూ కూర్చో.”

ఆరేళ్ళుగా ఆ వ్యాను నడుపుతున్న బాజీ ఆఖరి సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. నడుం వంచుకుని వెళ్ళి దివాకరం పక్కన ఇరుక్కున్నాడు. వెనక అద్దం మీద పిల్లలు వేళ్ళతో గళ్ళు గీసి, ఇంటూలూ సున్నాలూ పెట్టి ఆడుకున్న గుర్తులున్నాయి. బాజీ ప్రతి ఆదివారం దుమ్మనుకుని తుడిచేసేది అదే. దివాకరం వేలితో రుద్ది చూశాడు. దుమ్ము కాదు, జిడ్డుగా అంటుకునే మసి. అద్దం చుట్టూ ఉండాల్సిన రబ్బరు ఊడిపోయి రెండు వేళ్ళు పట్టే సందు కనిపిస్తోంది.

ఆచారి గారు అచ్చం బాజీ నడిపినట్టే నడిపారు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు దించకుండా యాక్సిలరేటరు అదిమిపెట్టారు. వదిలిన పొగ వదిలినట్టే ఆ సందులోంచి లోపలికొచ్చింది. పరిగెత్తే బండి వెనక గాలి సుడి తిరిగి పొగను బండి వైపే లాగుతుందని దివాకరం ఎన్నోసార్లు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాడు. ఇప్పుడు కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే ఆ బొమ్మలు గుర్తొచ్చి తన మీద తనకే కోపం వచ్చింది. పక్కన బాజీ ఫ్లైఓవర్ దిగేదాకా దగ్గుతూనే ఉన్నాడు.

“అల్లరి చేసినోళ్ళని ఈ సీట్లోనే కూర్చోబెడతానండీ,” అన్నాడు చివరికి. “హాసిని అని రెండో తరగతి పిల్ల ఒకతి, ముందు కూర్చుంటానని రోజూ ఏడుస్తది. పేచీ అనుకుని కసురుకునేవోణ్ణి.”

షెడ్డు దగ్గర బండి ఆగీ ఆగకముందే బాజీ దిగి ఆచారి గారి ముందు నిలబడ్డాడు.

“స్క్రూ తగ్గించండి. మంగళవారం రాను.”

“బండి లాగదు మరి,” అన్నారాయన.

“గేరు దించి ఎక్కిస్తా. పది నిమిషాలు ముందు బయల్దేరతా. అంతేగా.”

ఆ సాయంత్రం పనంతా ఆచారి గారు దివాకరం చేతే చేయించారు. గాలి ఫిల్టరు దుమ్ముతో పూడుకుపోయి ఉంది. డీజిల్ చిమ్మే నాజిళ్ళలో రెండు కారుతున్నాయి. అవి మార్చి, స్క్రూని కంపెనీ పెట్టిన గుర్తుకు తెచ్చి, మళ్ళీ ఎవరూ కదపకుండా తీగ చుట్టి సీసం ముద్ర వేశారు. వెనక అద్దానికి బాజీ తనే కొత్త రబ్బరు తెచ్చి బిగించుకున్నాడు. సోమవారం పరీక్షలో వ్యాను నెగ్గింది. పిల్లలు ఆ వ్యానులోనే బడికి వెళ్తున్నారు.

పది రోజుల తర్వాత బాజీ మళ్ళీ వచ్చాడు. మొహంలో సంతోషం దాగడం లేదు. పొగలో పోయేది కూడా ఇంజన్లోనే కాలుతోందేమో, లీటరుకి పదమూడు దాటుతోందన్నాడు. ఒక్కటే ఇబ్బంది వచ్చిపడిందట. వెనక సీట్లో కూర్చుంటే గతుకుల్లో ఎగిరిపడొచ్చని పిల్లలంతా ఇప్పుడు దానికోసమే కొట్టుకుంటున్నారు. అల్లరి చేసినవాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియడం లేదు.

దివాకరం హాయిగా నవ్వాడు. తన చేత్తో బాగుచేసిన మొదటి బండి అది. బాజీ వెళ్ళాక ఆ ఉత్సాహంలో అడిగేశాడు:

“అయితే డీజిలే మంచిదన్నమాట, మేస్త్రిగారూ?”

ఆచారి గారు నాజిల్ మొన వెలుతురుకు పెట్టి చూస్తున్నారు. తల తిప్పకుండానే అన్నారు:

“పెట్రోలు బండికీ వెనక సీటు ఉంటుంది, మాస్టారూ.”